నీ చేతులెట్లాడాయి? డార్క్ ఫాంటసీలో తప్పు చేసిన పాత్రని పాఠకుడికి దగ్గర చేయడం ఎలా

యుద్ధం అయిపోయిన రాత్రి. అడవిలో మర్రిచెట్టు కింద ఇద్దరు నిద్రపోతున్నారు, మూడోవాడికి నిద్ర పట్టడం లేదు. కొమ్మల మీద పడుకున్న కాకుల్ని ఒక గుడ్లగూబ చప్పుడు లేకుండా వచ్చి వరసగా చంపుతుంటే చూస్తున్నాడు. చూసి, మిగతా ఇద్దర్నీ లేపాడు. తెల్లవారేసరికి ద్రౌపది కొడుకులు అయిదుగురూ లేరు.

మహాభారతంలో పదో పర్వం ఇది. డార్క్ ఫాంటసీ, అంటే మాయలూ భయమూ కలిసిన చీకటి కథ, అనే మాట పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే రాసిన అసలు సిసలు డార్క్ ఫాంటసీ. అశ్వత్థామ చేసింది ఏ లెక్కన చూసినా ఘోరమే. అయినా చదివినప్పుడల్లా నాకు అతని మీద అసహ్యం ఒక్కటే మిగలదు. ఆదిపర్వంలో పాల కోసం ఏడిస్తే పిండి కలిపిన నీళ్లు ఇచ్చారు, పాలు తాగానని గంతులేశాడు, ఆ పిల్లాడు వీడే అని గుర్తొస్తుంది. తండ్రిని పడగొట్టడానికి ఆడిన అబద్ధంలో వాడుకున్న పేరు వీడిదే అని కూడా.

భాగవతంలో పోతన ద్రౌపది చేత అతన్ని నిలదీయిస్తాడు. కత్తి పట్టి నీ మీదికి రాని పసివాళ్లని, నిద్రలో ఉన్నవాళ్లని చంపడానికి "నీ చేతు లెట్లాడెనో" అని. నా దృష్టిలో ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే. మీ పాత్రని చూసి పాఠకుడు ఈ ప్రశ్న వేయాలి. వేశాక పుస్తకం మూసేయకుండా జవాబు కోసం ఆగాలి. ఇష్టం పుట్టేది అలా ఆగినప్పుడే. పాత్ర చేసిన పనిని పాఠకుడు ఒప్పుకోవాలని కాదు, క్షమించాలని అంతకన్నా కాదు. ఆ మనిషి సంగతి ఇంకా తెలుసుకోవాలనిపించాలి, అంతే.

చెప్పుకోవడానికి వీలుగా ఒక పాత్రని కల్పిద్దాం. పేరు కొరివి. అప్పు తీర్చలేనివాళ్ల నీడ కోసి ఖజానాకి అప్పజెప్పడం ఆమె ఉద్యోగం. నీడ పోయినవాళ్లు మెల్లగా తమ పేరు మర్చిపోతారు. పన్నెండేళ్ల కింద ఆమె సొంత తమ్ముడి నీడే కోసింది. దయ్యాలున్న కోటలోకి ఒంటరిగా వెళ్లి వచ్చే మనిషి, పైఅధికారి ముందు "కాదు" అనాలంటే మాత్రం నోరు పెగలదు.

1. లోపాన్ని ఎంచుకోండి, అలంకారాన్ని కాదు

ముఖం మీద కత్తిగాటు లోపం కాదు. తాగుడు, ఒంటరితనం, ముక్కు మీద కోపం కూడా చాలా కథల్లో లోపాలు కావు, కాస్ట్యూమ్. ఉద్యోగం ఇంటర్వ్యూలో మీ బలహీనత ఏమిటంటే "పనిలో పడితే టైమ్ చూసుకోను సార్" అన్నట్టుంటుంది, పొగడ్తే గానీ ఒప్పుకోలు కాదు. "మరీ ఎక్కువ ప్రేమిస్తాడు" అనేది ఈ జాతిలో అన్నిటికన్నా అధ్వాన్నం.

నిజమైన లోపానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది: దానివల్ల పాత్ర కాకుండా ఇంకెవరు నష్టపోయారు? ఆ నష్టపోయిన మనిషిని మీరు వేలుపెట్టి చూపించలేకపోతే అది లోపం కాదు. కొరివి పిరికితనానికి తమ్ముడు బలయ్యాడు. అందుకే అది లెక్కలోకి వస్తుంది.

రెండో సంగతి డార్క్ ఫాంటసీకే ప్రత్యేకం. లోపాన్నీ ఆ లోకపు మాయనీ ఒకే ముడిలో కట్టాలి. 1961లో మొదటిసారి అచ్చయిన ఎల్రిక్ అనే రాజు కథల్లో ఇంగ్లిష్ రచయిత మైకేల్ మూర్‌కాక్ చేసింది అదే. రాజు ఒంట్లో బలం లేదు, బలమిచ్చే కత్తి ఆత్మల్ని తాగుతుంది, ఆ కత్తి అతను ప్రేమించినవాళ్లని కూడా వదలదు. బలహీనత, ఆధారం, పాపం మూడూ ఒకే వస్తువులో ఉన్నాయి. అలా కాకుండా పాత్ర లోపం ఒకచోట, మంత్రాలు ఇంకోచోట ఉంటే మీరు రాస్తున్నది మామూలు కుటుంబ కథ, పక్కన రాక్షసులు నిలబడి ఉంటారంతే.

కొరివి విషయంలో ఈ ముడి ఎక్కడుందో చూడండి. నీడ కోసే కత్తి ఆజ్ఞ వినపడితేనే పదునెక్కుతుంది. అంటే ఆమె విధేయతే ఆయుధం. ఆమె ఎదురు తిరిగిన రోజు కత్తి మొద్దుబారుతుంది, ఆమెకి వచ్చిన ఒక్క పనీ పోతుంది. లోపం వదులుకోవాలంటే బతుకుతెరువు వదులుకోవాలి. ఇక కథ దానంతటదే నడుస్తుంది.

2. ముందు పనితనం, తర్వాత తప్పు

1966లో ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకి టేపు వినిపించారు. అందులో ఒకతను క్విజ్ ప్రశ్నలకి జవాబులు చెబుతుంటాడు. ఒక టేపులో 92 శాతం జవాబులు సరైనవి, ఇంకోదాంట్లో 30 శాతమే. కొన్ని టేపుల చివర్న అతను కాఫీ ఒలకబోసుకుంటాడు. తెలివైనవాడు ఒలకబోసుకున్నప్పుడు విన్నవాళ్లకి ఇష్టం పెరిగింది. అంతంతమాత్రంవాడు ఒలకబోసుకుంటే ఉన్న కాస్తా తగ్గింది.

దీన్ని మరీ సాగదీయకూడదు. కాఫీ ఒలకబోసుకోవడం ఎక్కడ, మనిషి నీడ కోయడం ఎక్కడ! కానీ ఒక సంగతి పనికొస్తుంది. తప్పు మనిషిని దగ్గర చేయాలంటే అంతకుముందే ఆ మనిషి మీద కొంత గౌరవం ఉండాలి. కాబట్టి కొరివిని మొదటిసారి చూపించేటప్పుడు ఆమె పని ఎంత నేర్పుగా చేస్తుందో చూపిస్తాను. పని తెలిసినవాళ్లు పని చేస్తుంటే అది చెడ్డ పనైనా సరే, మనం కళ్లు తిప్పుకోలేం. ఇది రచయితకి దొరికిన కాస్త సిగ్గుమాలిన సౌకర్యం. వాడుకోండి.

3. పక్కన నడిపించండి, వకాల్తా పుచ్చుకోకండి

మర్రే స్మిత్ అనే సినిమా పండితుడు 1995లో ఒక తేడా చెప్పాడు. పాత్ర వెంట ఉండటం వేరు, పాత్ర పక్షాన ఉండటం వేరు. ఆమె చూసేది చూడటం, ఆమెకి తెలిసిందే మనకీ తెలియడం మొదటిది. ఆమె గెలవాలని కోరుకోవడం రెండోది. మొదటిది రచయిత చేతిలో ఉంది. రెండోదాన్ని రచయిత ఇవ్వలేడు, పాఠకుడే ఇవ్వాలి.

కొత్త రచయితలు ఇక్కడే తడబడతారు. వెంట నడిపించే ఓపిక లేక నేరుగా పక్షం అడుగుతారు. ఇలా:

"కొరివి పుట్టుకతో క్రూరురాలు కాదు. పరిస్థితులు ఆమెని అలా మార్చాయి. ఆ కఠినమైన ముఖం వెనక వెన్నలాంటి మనసుంది."

ఇది వకీలు వాదన. వకీలు ఎంత గట్టిగా వాదిస్తే వినేవాడికి అంత అనుమానం వస్తుంది. అదే సంగతి ఇలా రాస్తే:

"పొద్దు ఇంకా పొడవలేదు. కొరివి గడప బయట గొంతుక్కూర్చుని కత్తికి నూనె రాస్తోంది. పొద్దుటి నీడ పొడుగ్గా ఉంటుంది, ఒక్క వేటులో తెగుతుంది. మధ్యాహ్నమైతే పాదాల కింద ముడుచుకున్నదాన్ని గీకి తీయాలి, అది నొప్పి. ముసలాయన తలుపు తీసి చూశాడు. 'కాస్త ఆగుతావా అమ్మా' అన్నాడు. 'ఎండ వచ్చేదాకా ఎలాగూ ఆగాలి' అంది. ఎండ వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి నిలబడ్డాడు. కొరివి వంగి, ఆయన పేరు ఆయనకే వినపడేలా మూడుసార్లు చెప్పింది. తర్వాత కోసింది."

ఇందులో ఎక్కడా జాలి అన్న మాట లేదు. నొప్పి తగ్గించే వేళ ఎంచుకుంది, పేరు మూడుసార్లు చెప్పింది, అయినా కోసింది. ఈ మూడింటినీ పాఠకుడు తనే కలుపుకుంటాడు. తను కలుపుకున్నదాన్ని తేలిగ్గా వదులుకోడు.

ఇంకో చిన్న జాగ్రత్త. ఆమె మనసులోకి వెళ్లినప్పుడు ఆమె తన గురించి తాను ఆలోచించకూడదు. తప్పు చేస్తున్నవాళ్లు ఆ క్షణంలో తప్పు గురించి ఆలోచించరు. నూనె సరిపోతుందా, ఎండ ఎప్పుడొస్తుంది, ఇలాంటివే వాళ్ల బుర్రలో తిరుగుతాయి. పశ్చాత్తాపం గురించి పేజీలకి పేజీలు ఆలోచించే హంతకుణ్ని చూస్తే వీడు పక్కన ఎవరో వింటున్నారని తెలిసి ఆలోచిస్తున్నాడు అనిపిస్తుంది.

4. కారణం వేరు, సాకు వేరు

పాత గాయం చూపించాల్సిందే. ఎప్పుడు, ఎవరి నోట అన్నదే ప్రశ్న.

ఘోరం చేసిన వెంటనే బాల్యంలోకి వెళ్లే అధ్యాయం పెడితే అది సాకు అవుతుంది. బిల్లు ఇచ్చిన మరుక్షణమే డిస్కౌంట్ కూపన్ చేతిలో పెట్టినట్టు. భారతంలో చూడండి, పిండినీళ్ల కథ ఎప్పుడో ఆదిపర్వంలో, ద్రోణుడి మాటల్లో వస్తుంది. అప్పుడది అతని పేదరికం గురించిన కథ. కొడుకుని వెనకేసుకురావడానికి చెప్పింది కాదు. ఆ పిల్లాడే కత్తి పట్టుకుని శిబిరంలోకి దూరేనాటికి మనకి ఎవరూ గుర్తుచేయరు, మనకే గుర్తొస్తుంది. గుర్తొచ్చినందుకు కొంచెం ఇబ్బందిగా కూడా ఉంటుంది. ఆ ఇబ్బంది బంగారం.

కాబట్టి గాయాన్ని చాలా ముందే, ఇంకేదో పని మీద వచ్చినట్టు పెట్టండి. లేదంటే చాలా తర్వాత, ఇంకెవరి నోటనో చెప్పించండి. పాత్ర తన గాయాన్ని తనే సంజాయిషీగా చెప్పుకోకూడదు. చెప్పుకుంటే ఎదుటివాళ్లు నమ్మకూడదు.

కొరివి కథలో ముసలాయన పేరు మూడుసార్లు చెప్పడం మొదటి అధ్యాయంలోనే ఉంది. పాఠకుడు దాన్ని ఆమె మంచితనం అనుకుంటాడు. చాలా అధ్యాయాల తర్వాత, ఆమెతో కలిసి పనిచేసిన ఒక సైనికుడు తాగి వాగుతాడు: తమ్ముడి నీడ కోసినరోజు అధికారి పక్కనే నిలబడ్డాడు, ఆమె పెదవులు కదిలాయి గానీ పేరు బయటికి రాలేదు. అంతే. ఆ తర్వాత కోసిన ప్రతి మనిషికీ పేరు చెప్పడం మంచితనం కాదని, ఆ రోజు గొంతులో ఇరుక్కున్నదాన్ని ఇప్పటికీ కక్కుతోందని అర్థమవుతుంది. కొత్త సమాచారం ఒకే వాక్యం, కానీ వెనక చదివిందంతా మారిపోతుంది.

5. ధర కట్టించండి, కంటికి కనపడేలా

మామూలు నవలలో పాపభారం మనసులో ఉంటుంది. డార్క్ ఫాంటసీలో దాన్ని ఒంటి మీదికి తేవచ్చు. అశ్వత్థామ నుదుటి మణి పోయింది, 3,000 ఏళ్లు ఒంటరిగా తిరగమని శాపం పడింది. చావు కన్నా పెద్ద శిక్ష. చూసేవాళ్లకి అతని మీద కోపం చల్లారదు, కానీ దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంటుంది.

ధర విషయంలో రెండు పొరపాట్లు తరచూ చూస్తుంటాను. ఒకటి, తప్పుతో సంబంధం లేని బాధ. హీరోని కొట్టి, తిట్టి, కాల్చి, వర్షంలో పడేస్తే జాలి వస్తుందనుకోవడం. వస్తుంది, రెండు పేజీలు. ఆ తర్వాత విసుగొస్తుంది. రెండోది, ధర ఒక్కసారే కట్టించి ఖాతా మూసేయడం. ధర వాయిదాల్లో రావాలి, ప్రతిసారీ కాస్త పెరగాలి. కొరివి కోసిన ప్రతి నీడకీ ఆమె నీడ ఒక వేలెడు పొడుగు పెరుగుతుంది. మొదట్లో ఎవరూ గమనించరు. చివరికొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఆమె నీడ వీధి చివరిదాకా పడుతుంది, పిల్లలు దాన్ని తొక్కకుండా దూకి వెళ్తుంటారు.

6. ఒక గీత, ఇంకొంచెం చెడ్డ పొరుగువాడు

ఎంత చెడ్డ పాత్రకైనా దాటని గీత ఒకటుండాలి అంటారు. నిజమే, కానీ ఆ గీత గొప్పగా ఉండక్కర్లేదు. "పిల్లల్ని చంపడు" లాంటివి అరిగిపోయాయి. కాస్త వింతగా, ఆ మనిషికే సొంతంగా ఉంటే మేలు. కొరివి నిద్రపోతున్నవాళ్ల నీడ కోయదు, లేచేదాకా కూర్చుంటుంది. ఆ గీత కథలో ఒకసారైనా ఆమెకి నష్టం తేవాలి, లేకపోతే గోడ మీద రాసిన నినాదంతో సమానం.

పక్కన ఆమెకన్నా చెడ్డవాళ్లని పెట్టడం పాత చిట్కా. పనిచేస్తుంది కూడా. అయితే వాళ్లని మరీ రాక్షసుల్ని చేస్తే ఆమె పూర్తిగా మంచిదైపోతుంది, మీరు పడ్డ కష్టమంతా వృథా.

7. నష్టపోయినవాళ్లకి గొంతు ఇవ్వండి

అన్నిటికన్నా పెద్ద మెట్టు ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

పాత్రని ఇష్టపడేలా చేయాలన్న ఆత్రంలో రచయిత ఆ పాత్ర చేతిలో నలిగినవాళ్లని నెమ్మదిగా కనపడకుండా చేస్తాడు. చనిపోయినవాళ్లకి పేర్లుండవు. అన్యాయమైపోయిన స్త్రీ రెండో అధ్యాయం తర్వాత మళ్లీ రాదు. ఆమె బాధ మొత్తం అతను మారడానికి ఒక మెట్టుగా మిగులుతుంది. ఇలాంటి పుస్తకాల్లో పాఠకుడికి పాత్ర మీద కలిగేది ఇష్టం కాదు, మరుపు. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మొత్తం కూలిపోతుంది.

భారత భాగవతాలు అలా చేయలేదు. భారతంలో ద్రౌపది నిరాహారంగా కూర్చుని అతని తలమీది మణి కావాలని పట్టుబడుతుంది. భాగవతంలో అర్జునుడు అతన్ని కట్టి తెచ్చి ఆమె ముందు పడేస్తే ఆమె తలవంచుకుని ఏడవదు, నిలదీస్తుంది. ఆ తర్వాతే వదిలెయ్యమంటుంది. ఇతని తల్లి కూడా నాలాగే ఏడవడం ఎందుకని. ఇక్కడ గమనించాల్సింది: దయ చూపించే హక్కు ఎవరికుందో వాళ్లే చూపించారు. కవి చూపించలేదు. పక్కనున్న భీముడైతే చంపాల్సిందే అన్నాడు. తల్లి నోట ఆ ప్రశ్న పూర్తిగా విన్నాక కూడా మనకి అశ్వత్థామ మీద ఏదో మిగిలితే, అది ఎవరూ మోసం చేసి పుట్టించింది కాదు.

కొరివి కథలో ఈ పని ముసలాయన కూతురు చేస్తుంది. కొన్నాళ్లకి వెతుక్కుంటూ వస్తుంది. "మా నాన్న రాత్రీ పగలూ ఒకే పేరు గొణుగుతున్నాడు. అది తన పేరని ఆయనకి తెలియట్లేదు. ఎవరో దగ్గరివాళ్లు పోయారనుకుని ఏడుస్తున్నాడు. ఆ పేరు చెవిలో వేసింది నువ్వేనట కదా?" అని అడుగుతుంది.

అంటే మనం మొదటి అధ్యాయంలో మెచ్చుకున్న ఆ ఒక్క మంచిపని కూడా ఒక ముసలివాణ్ని ఇంకా ఏడిపించింది. ఈ సీను రాసేటప్పుడు కొరివికి జవాబు ఇవ్వకండి. ఏం చెప్పినా సాకే అవుతుంది. ఆమె ఏం చేస్తుందో మాత్రం రాయండి. నేనైతే ఆమె చేత ఆ ముసలాయన ఇంటికి దారి అడిగిస్తాను, కూతురు చెప్పకుండా వెళ్లిపోతుంది.

ఎక్కువ నష్టం జరిగే తప్పుల విషయంలో, ముఖ్యంగా హింస, అత్యాచారం లాంటివాటిలో, ఈ మెట్టు ఎక్కలేమనిపిస్తే ఆ తప్పుని ఎంచుకోకపోవడమే నయం. పాత్రకి లోతు రావడం కోసం ఇంకొకరి జీవితాన్ని వాడి పారేసిన వాసన పాఠకుడికి ఇట్టే తెలిసిపోతుంది.

8. కాస్త నవ్వనివ్వండి

చీకటి కథ అన్నాక అందరూ బొంగురుగొంతుతో మాట్లాడాలని లేదు. చెడ్డపని చేస్తూ బతికేవాళ్లకి ఆ పని మీద వాళ్ల జోకులు వాళ్లకుంటాయి. అయితే జోకు పైవాడి మీదో తన మీదో వేయాలి, దెబ్బతిన్నవాడి మీద వేస్తే దూరమవుతుంది. మబ్బు పట్టిన రోజు కొరివి "ఇవాళ సెలవు" అంటుంది. ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

9. మార్పు వంకరగా రావాలి

చెడ్డవాడు మారి ప్రాణత్యాగం చేసే ముగింపు నాకు నచ్చదు. చచ్చిపోతే లెక్క తేలిపోతుందన్నట్టు ఉంటుంది. బతికి, రేపు పొద్దున్న లేచి, నష్టపోయినవాళ్ల వీధిలోంచి నడిచి వెళ్లడం ఇంకా కష్టం. అది రాయడమూ కష్టమే, అందుకే చాలామంది చంపేస్తారు.

మార్పు రావాలనుకుంటే మూడు చోట్ల ఆగి చూడండి. మొదటి అవకాశం వచ్చినప్పుడు పాత్ర పాత అలవాటులోనే పడిపోవాలి. రెండోసారి సరైన పని చేయాలి, కానీ ఆలస్యంగా, లేదా తప్పు కారణానికి. మూడోసారికి ఏం చేస్తుందో పాఠకుడికి నిజంగా టెన్షన్ ఉండాలి. కొరివి మొదటిసారి "కాదు" అన్నది అధికారితో కాదు, జీతమిచ్చే గుమాస్తాతో, అదీ రెండు నాణేలు తక్కువొచ్చాయని. నవ్వొస్తుంది. కానీ ఆ రోజు రాత్రి కత్తి అంచు కొంచెం మొద్దుబారి ఉంటుంది.

మారకపోయినా పర్వాలేదు. మారే దారి ఉందని తెలిసీ మారలేనివాడి మీద కూడా జనానికి ఇష్టం ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువే.

10. తిరగరాసేటప్పుడు

రంగు పెన్సిల్ తీసుకుని "పాపం", "నిజానికి", "లోలోపల", "తప్పనిసరై" లాంటి మాటలున్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. కథ చెప్పే గొంతు ఎక్కడెక్కడ వకీలుగా మారిందో తెలిసిపోతుంది. వాటిలో సగానికి పైగా తీసేసినా కథకి ఏమీ కాదు.

తర్వాత పాత్ర చేసిన అతి ఘోరమైన పనిని నష్టపోయినవాళ్ల వైపు నుంచి ఒక పేజీ రాయండి. పుస్తకంలో పెట్టడానికి కాదు, మీకోసం. అది రాశాక మీకే మీ పాత్ర మీద కోపం రాకపోతే ఆ పని మీరు సరిగ్గా ఊహించలేదని అర్థం.

చివరగా ముగ్గురు నలుగురికి చదవడానికివ్వండి. "కొరివి నచ్చిందా" అని అడగొద్దు, మొహమాటానికి నచ్చిందంటారు. ఎక్కడ పుస్తకం పక్కన పెట్టేయాలనిపించింది, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదు అని అడగండి. అందరూ ఆమె మంచిదే అని తేల్చేస్తే ఏడో మెట్టుకి తిరిగి వెళ్లాలి. వాళ్లలో వాళ్లు పోట్లాడుకుంటే పని అవుతున్నట్టే. నాకు వచ్చిన జవాబుల్లో ఒకటి ఇలా ఉంది: "ఆవిణ్ని చచ్చినా క్షమించను. ఇంతకీ ఆ తమ్ముడు ఎక్కడున్నాడు? బతికే ఉన్నాడా?" ఆ అధ్యాయం రాయడానికి కూర్చున్నాను.